ఒక రెప్ప అయితే అవును

తార్నాక,
సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన ఆనంద్ గారికి,

ముందు ఒక సంజాయిషీ. పెళ్ళికి ముందు నుంచీ మిమ్మల్ని 'నువ్వు' అంటున్నదాన్ని ఈ ఉత్తరంలో 'మీరు' అంటున్నాను. దీన్ని మీ మంచం పక్కన నిలబడి చదివి వినిపించేది మీ అక్క. తమ్ముణ్ణి పెళ్ళాం నువ్వనడం సువార్త వదిన తన నోటితో తనే చదవాల్సి వస్తే ఆవిడకి ఇబ్బంది, నాకు అంతకంటే ఇబ్బంది. వదినా, ఈ ముక్క కూడా చదివెయ్యండి, ఇందులో దాచేదేం లేదు.

ఉత్తరాలెందుకంటారా? నన్ను ఐసీయూలోకి రానివ్వరు. మీరిచ్చిన కిడ్నీని నా ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా నేను రోజూ మింగే మాత్రలు నా రోగనిరోధక శక్తిని జోకొట్టి పడుకోబెడతాయి. మీరున్న హాల్లో చాలా మందులకి లొంగని సూక్ష్మజీవులున్నాయి. వాటి మధ్యకి నేను రావడం తెలివైన పని కాదని డాక్టర్ నరహరి అన్నారు. యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చెప్పుకు బతుకుతున్నదాన్ని, కాదనడానికి నోరు రాలేదు. ఫోన్లు లోపలికి తేనివ్వరు. తేనిచ్చినా మాట్లాడేదాన్ని కాదేమో. గొంతు వింటే మీకు నా సంగతి తెలిసిపోతుంది. కాగితం మీదైతే నేను కాస్త నిబ్బరంగా కనిపిస్తాను.

ఇక మీ సంగతి. మీ కాళ్ళ దగ్గర నిలబడి మీ గురించి ఇంగ్లీషులో మాట్లాడుకునే ఉంటారు గానీ, మీతో ఎవరూ తీరిగ్గా చెప్పి ఉండరు. పరీక్షల విభాగం మెట్లెక్కుతుంటే అరికాళ్ళు తిమ్మిరెక్కాయన్నారు. కొత్త చెప్పుల వల్లేమో అనుకున్నాం. మర్నాటికి మోకాళ్ళు, ఆ తర్వాత చేతులు, ఆపైన ఊపిరి. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే పొరబాటున సొంత నరాల మీద పడే జబ్బు ఇది. మీ ఊపిరితిత్తులకి ఏమీ కాలేదు. వాటిని కదిపే కండరాలకి నరాల నుంచి కబురందడం లేదు. అందుకని ఆ పని వెంటిలేటరు చేస్తోంది. నరాలు తేరుకుంటాయి, ఎక్కువమందికి తేరుకుంటాయి, కాకపోతే నెలలు పడుతుంది. ఈలోగా వేరే గొడవ ఏదీ రాకుండా చూసుకోవడమే అసలు వైద్యం.

వేరే గొడవ వచ్చినట్టే ఉంది. నిన్నటి నుంచి మీకు జ్వరం. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి అడుగున ఇంతకు ముందు లేని మచ్చ కనిపించింది. వెంటిలేటరు మీదున్నవాళ్ళకి న్యుమోనియా వస్తే ప్రాణాల మీదకి వస్తుంది. రాకుండానే వచ్చిందనుకుని మందులు గుమ్మరిస్తే అది ఇంకో ప్రమాదం. గమ్మత్తేమిటంటే, వచ్చిందో లేదో ఖాయంగా తేల్చి చెప్పే పరీక్ష ఒక్కటీ లేదట. డాక్టర్ నరహరి దాచకుండా చెప్పారు, ఆ మాటకి ఆయన మీద నాకు గౌరవం కలిగింది. జ్వరం సవాలక్ష కారణాలకి వస్తుంది. ఎక్స్‌రేలో మచ్చ చీము కావచ్చు, నీరు కావచ్చు, కఫం అడ్డుపడి గాలి అందక ముడుచుకుపోయిన ముక్క కావచ్చు. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో అన్నీ ఒకేలా ఉంటాయి.

అందుకని వాళ్ళు మార్కులు వేస్తారు. జ్వరానికి ఇన్ని, తెల్లకణాలకి ఇన్ని, కఫానికి ఇన్ని, ఎక్స్‌రేకి ఇన్ని. మొత్తం ఆరు దాటితే న్యుమోనియా ఉన్నట్టు. "పాత పద్ధతి మేడమ్, పూర్తిగా నమ్మలేం. కానీ చేతిలో ఏదో ఒకటి ఉండాలె కదా" అన్నారాయన. ఉద్యోగమంతా మార్కుల మధ్య గడిపినవారు మీరు. కూడికలో పాసైనవాడికి సబ్జెక్టు వచ్చిందని నమ్మకం లేదని ఇంటికొచ్చి నాతో ఎన్నిసార్లు అన్నారో. ఇప్పటికి మీకు ఆరు దాటలేదు. మిమ్మల్ని ఫెయిలవమని కోరుకోవడం నాకిదే మొదటిసారి.

ఒక రెప్ప కొడితే అవును, రెండు కొడితే కాదు అని మీరూ వదినా ఏర్పాటు చేసుకున్నారట. నాకది ఆవిడ చెబితేనే తెలిసింది. ముఖమంతా మొరాయించినా రెప్పలు మిగిలినందుకు సంతోషం. ఈ ఉత్తరం పరవాలేదనిపిస్తే ఒకటి కొట్టండి, వదిన వచ్చి చెబుతారు.

మీ
సుధామయి

*

డిపార్ట్‌మెంట్, క్యాంపస్,
గురువారం

ఆనంద్,

ఈసారి కవరు అతికించాను. నర్సు భాగ్య మాత్రమే చదవాలి, వదినకి ఇవ్వద్దు అని పైన రాశాను. కాబట్టి నువ్వు నువ్వే.

నీకు ఆరు దాటాయి. జ్వరం తగ్గలేదు, తెల్లకణాలు పెరిగాయి, మచ్చ అలాగే ఉంది. దానికి తోడు రెండు రోజులుగా గొట్టంలోంచి లాగే కఫం రంగు మారింది. ఎరుపూ గోధుమా కలిసిన ముదురు రంగు, వక్క నమిలి ఉమ్మినట్టు. డాక్టర్ నరహరికి అంతుపట్టనిది అదే. నెత్తురంటే నెత్తురు కాదు, చీము అంటే చీమూ కాదు. మెడ దగ్గర రంధ్రం చేసి ఊపిరి గొట్టం పెట్టాక నీ నోరు ఖాళీగానే ఉంది గానీ, మింగే బలం లేదు కాబట్టి చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు. తిండంతా ముక్కులోంచి వేసిన గొట్టంలోనే. ఎవరైనా తినడానికి, తాగడానికి ఏమైనా పెట్టారా అని నర్సులనీ, వదిననీ అడిగారట. ఎవరూ పెట్టలేదన్నారు. దాంతో రంగు మారిన కఫానికి పూర్తి మార్కులు పడ్డాయి.

ఆ కఫాన్ని ల్యాబులో పెంచితే అసినెటోబాక్టర్ వచ్చింది. ఐసీయూల్లో కాపురం పెట్టిన మొండి రకం. నీ దగ్గర దొరికినది కోలిస్టిన్ అనే మందుకి తప్ప దేనికీ లొంగడం లేదు. కోలిస్టిన్ కిడ్నీల మీద దెబ్బకొడుతుంది. అందరికీ రెండుంటాయి, ఒకటి కుంటుపడితే ఇంకొకటి లాగుతుంది. నీకున్నది ఒకటి. రెండోది ఈ కుర్చీలో కూర్చుని నీకు ఉత్తరం రాస్తోంది.

నేను ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లలకి మొదటి క్లాసులోనే చెబుతాను. ప్లేటు మీద ఏదైనా పెరిగిందంటే అది అక్కడ ఉందని మాత్రమే అర్థం, జబ్బు చేసింది అదేనని కాదు. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు నడకకి వచ్చినవాళ్ళందరూ యూనివర్సిటీ ఉద్యోగులు కారు కదా. వెంటిలేటరు గొట్టంలో కొన్నాళ్ళకి ఏదో ఒకటి చేరుతుంది. గొట్టంలో కాపురముండటం వేరు, ఊపిరితిత్తిలోకి దిగి చెడగొట్టడం వేరు. ఈ మాట ఇన్నేళ్ళూ ఎంత తేలిగ్గా చెప్పానో, ఆ ప్లేటు మీద నీ పేరుంటే అంత కష్టంగా ఉంది.

పొద్దున సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి, మచ్చ ఉన్నచోట సెలైను పోసి వెనక్కి లాగి, ఆ నీళ్ళు ల్యాబుకి పంపారు. అందులో సూక్ష్మజీవులు దండిగా ఉంటే న్యుమోనియా, అరకొరగా ఉంటే పైనుంచి జారినవి. శనివారానికి గానీ తేలదు. అప్పటిదాకా ఏం చేద్దామని డాక్టర్ నరహరి నన్ను కింద గదిలో కూర్చోబెట్టి అడిగారు.

"మేడమ్, ఇది న్యుమోనియా అయ్యి మనం లేట్ చేసినమంటే చెయ్యి దాటిపోతది. కాకుండా కోలిస్టిన్ స్టార్ట్ చేసినమంటే సార్ కిడ్నీ పోవచ్చు. నేను ఎటన్నా చేయగలుగుతా. మీరేమంటరు?"

నేను వద్దన్నాను. ఆక్సిజన్ అవసరం పెరగలేదు, బీపీ పడిపోలేదు, శనివారం దాకా ఆగి చూడచ్చు, ఏది తేడాగా కనిపించినా ఆ క్షణమే మొదలుపెట్టండి అన్నాను. ఆయన తలూపారు. సంతకం పెట్టాను. లెక్కప్రకారం సబబైన నిర్ణయమే.

ఇది నేను పైకి చెప్పిన కారణం. లోపలిది నీకే చెప్పాలి, అందుకే ఈ అతికించిన కవరు.

నీ కిడ్నీ పాడైతే ముషీరాబాద్‌లో నేను పడుకున్న డయాలిసిస్ మంచాల్లాంటి మంచం మీద నువ్వు పడుకోవాలి. నీ మంచి కిడ్నీతో నేను పక్కన కుర్చీలో కూర్చోవాలి. ఆ దృశ్యం నేను భరించలేను. నా భయం నీ ప్రాణం గురించా, ఆ కుర్చీ గురించా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. రెండూ ఉన్నాయి. ఎంతెంత అని అడిగితే చెప్పలేను.

అప్పుడు నువ్వు నన్ను అడగలేదు ఆనంద్. నేను డయాలిసిస్‌కి పోయి వచ్చే రోజుల్లో నాకు చెప్పకుండా పరీక్షలన్నీ చేయించుకున్నావు. కాగితాలన్నీ పూర్తిచేసుకుని వచ్చి, "అంతా అయిపోయింది, నువ్వు వచ్చి పడుకుంటే చాలు" అన్నావు. అందరూ నిన్ను దేవుడన్నారు. దేవుడితో పోట్లాట పెట్టుకోవడానికి వీల్లేదు కదా, నేనూ నోరుమూసుకున్నాను. అడిగి ఉంటే వద్దనేదాన్నా, సరేననేదాన్నా? ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే అవకాశం నువ్వు నాకివ్వలేదు. కృతజ్ఞత ఉన్నచోటే కోపం కూడా ఉండటం చాలా ఇరుకైన కాపురం. ఇన్నేళ్ళు దాన్ని ఎవరికీ కనపడకుండా చేశాను.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద నన్ను తీసుకెళ్తుంటే వరండాలో వదిన ఒక మాట అన్నారు. "మావాడు సగం మనిషైపోయాడు." నాతో కాదు, గోడతో అన్నట్టు అన్నారు. నువ్వు వినలేదు. ఆ తర్వాత ఆవిడ నాకు ఏ లోటూ చెయ్యలేదు. మౌలాలి నుంచి ప్రతి క్రిస్మస్‌కీ కేకు తెచ్చారు, నేను చర్చికి రాకపోయినా ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. కానీ కేకు ముక్క చేతికిస్తుంటే నాకు ఆ మాటే వినపడుతుంది. నువ్విప్పుడు నిజంగానే సగమైతే ఆవిడ ముఖం ఎలా చూడను?

ఇంకొకటి. డాక్టర్ నరహరి, "సార్ మెలకువతోనే ఉన్నరు, ఒకసారి సార్‌ని కూడా అడుగుదామా" అన్నారు. మందు మత్తులో ఉన్నారు, వద్దన్నాను. నీకిచ్చే మత్తు ఎంత తక్కువో నాకు తెలుసు. అడిగితే నువ్వు మందు వెయ్యమంటావని భయపడ్డాను. నీ కిడ్నీల మీద నీకెప్పుడూ పట్టింపు లేదు. కాబట్టి నువ్వు నాకు చేసిందే నేను నీకు చేశాను. దీన్ని పగ అనుకోకు. అనుకున్నా నేను కాదనలేను.

భయంగా ఉంది. రాసేస్తే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

సుధ

*

తార్నాక,
ఆదివారం

ఆనంద్,

గురువారం ఉత్తరం ఎవరు చదివారో నీకు తెలుసు. ఎక్కడ ఆగిపోయారో కూడా తెలుసు. ఆ తర్వాత ఏమైందో నీకు తెలియదు, అది రాస్తాను.

ఆ సాయంత్రం భాగ్య పక్క మంచం పేషెంటు దగ్గర ఇరుక్కుపోయి, "నాకు తీరుతలేదమ్మా, మీరే చదువుండ్రి" అని కవరు వదిన చేతిలోనే పెట్టిందట. పైన నేను రాసింది ఆ పిల్ల చూసుకోలేదు. వదిన చూశారు. చూసి కూడా చింపారు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ చింపేదాన్నే.

అక్కణ్ణుంచి ఆటో కట్టించుకుని తిన్నగా క్యాంపస్‌కి వచ్చారు. మన పెళ్ళయ్యాక ఆవిడ నా డిపార్ట్‌మెంటులో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. ఎవరిని అడిగి కనుక్కున్నారో, ల్యాబులోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో మడతలు సాపు చేశారు. సగం మనిషి గురించి మాట్లాడటానికి వచ్చారనుకుని నేను సిద్ధపడ్డాను. ఆవిడ మాట్లాడింది అది కాదు.

"సుధా, ఆ రంగు నాది" అన్నారు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. పోయిన ఆదివారం నెలలో మొదటి ఆదివారం. మొదటి ఆదివారం చర్చిలో రొట్టే ద్రాక్షారసమూ ఇచ్చే ప్రభువు బల్ల నువ్వు తప్పడం ఆవిడకి తెలిసి ఎప్పుడూ లేదు. మౌలాలి చర్చిలో పాస్టర్ గారు ప్రార్థించిన ద్రాక్షారసం చిన్న సీసాలో పోయించుకుని వచ్చారు. తీసుకుంటావా అని నిన్ను అడిగారు. నువ్వు ఒక రెప్ప కొట్టావు. దూది ముంచి నీ నాలుక మీద పిండారు. కథ అక్కడితో ఆగితే బాగుండేది. సీసాలో మిగిలింది. ప్రార్థన చేసిన రసం పారబొయ్యకూడదు. తను తాగేద్దామంటే అది నీ వంతు. అందుకని అయిపోయేదాకా రోజూ సాయంత్రం, నా ఉత్తరం చదవడం అయ్యాక, కాస్త కాస్తగా నీ నోట్లోనే పిండారు. మింగలేని నోట్లోంచి అది ఎక్కడికి జారిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

"మరి వాళ్ళు అడిగినప్పుడు చెప్పలేదేం వదినా?" అన్నాను.

"తినడానికి, తాగడానికి ఏమైనా పెట్టారా అన్నారు. పెట్టలేదన్నాను. అది తిండి కాదు కదా సుధా."

అబద్ధమాడే మనిషి కాదు. ఆడలేదు కూడా. ముప్పై ఏళ్ళు మిషన్ స్కూల్లో పిల్లలకి సత్యం గురించి పాఠాలు చెప్పిన మనిషి ఆ ప్రశ్నకి సత్యమే చెప్పారు. మన ఇంట్లో ఇన్నేళ్ళుగా మొదటి ఆదివారాలు వస్తూ పోతూనే ఉన్నాయి. నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాడివి, నేను పేపరు చదువుకునేదాన్ని. ఆ రోజున ఆవిడ ఏం చేస్తారో ఊహించగలిగిన మనిషిని నేనొక్కదాన్నే, నాకు క్యాలెండరు చూడాలని తోచలేదు. నాకు కోపం రాలేదనను. చాలా వచ్చింది. కానీ ఆవిడ ఇంకా ఆ ఉత్తరం మడతలు సాపు చేస్తూనే ఉన్నారు. చూస్తూ కోప్పడటం నా వల్ల కాలేదు.

అక్కణ్ణుంచే డాక్టర్ నరహరికి ఫోన్ చేసి ఆవిడ చేతికిచ్చాను. ఆయన ముందు అంతా చెప్పించుకున్నారట. తర్వాత, "అమ్మా, గిట్లనే న్యుమోనియా వచ్చేది" అన్నారట. ఇంకా చాలా అన్నారు, ఆవిడ అన్నిటికీ తలూపుతూ నిలబడ్డారు. ఫోన్లో తలూపితే కనపడదని నేను చెప్పలేదు. ఆయన వదినని లోపలికి రావద్దన్నారు. కఫానికి వేసిన మార్కులు కొట్టేశారు. అవి పోతే నీకు ఆరు దాటదు. రీవాల్యుయేషన్‌లో మార్కులు తగ్గితే పిల్లలు ఏడుస్తారు, నేను ఊపిరి పీల్చుకున్నాను. అయినా రసం జారిన ఊపిరితిత్తి కాబట్టి నిశ్చింతగా ఉండటానికి లేదన్నారు.

శనివారం లెక్క వచ్చింది. లోపల కడిగి తీసిన నీళ్ళలో సూక్ష్మజీవులు నామమాత్రం. పైనుంచి జారినవే. ఎక్స్‌రేలో మచ్చ గురువారం కెమెరా గొట్టంతో అడ్డుపడిన కఫం ముద్దని లాగేశాక సగం, ఫిజియోథెరపీతో మిగతా సగం పోయింది. ముడుచుకున్న ముక్క విచ్చుకుంది, అంతే. జ్వరం నీ మెడ పక్క సెలైను కోసం వేసిన లైను నుంచి. అది తీసేసి మామూలు మందు ఇచ్చాక దిగింది. నీకు న్యుమోనియా లేదు. నీ కిడ్నీ నీకుంది.

గురువారం సంగతి ఇంకొంచెం ఉంది. ఫోన్ పెట్టేశాక ఆవిడకి మంచినీళ్ళిచ్చాను. వెళ్ళబోతూ ఆవిడే ఎత్తారు. "ఆ రోజు వరండాలో నేనన్నది నిన్ను కాదు. వాడి మీద కోపంతో అన్నాను. నన్ను తల్లిలా చూసుకునే తమ్ముడు, నాకు చెప్పకుండా ఒళ్ళు కోయించుకుంటాడా? వాడు నన్నూ అడగలేదు సుధా" అన్నారు. ఇన్నేళ్ళు ఆ మాటని నేను దాచుకున్న తీరు తలుచుకుంటే సిగ్గేసింది. ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు. నువ్వు తప్ప వినాల్సినవాళ్ళు ఎవరూ లేరు, నీతో చెప్పడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. నేను ఏడ్చాను. ల్యాబులో ఏడవడం నాకు అలవాటు లేని పని.

వదినని మళ్ళీ రానివ్వమని డాక్టర్ నరహరిని బతిమాలి ఒప్పించాను. ఇకమీదట రసం నోట్లో పొయ్యక్కర్లేదు, ఆ గిన్నె నీ చేతికి తాకించి ప్రార్థన చేస్తే చాలని పాస్టర్ గారు చెప్పారట. ఆవిడ వచ్చేదాకా ఉత్తరం భాగ్యే చదువుతుంది. ఈసారి కవరు మీద పెద్దక్షరాలతో రాశాను.

ఇప్పుడు అడుగుతున్నాను. గురువారమే అడగాల్సింది. నిన్ను అడక్కుండా మందు వద్దన్నాను. ఫలితం మంచిదైనంత మాత్రాన అడక్కపోవడం మంచిదైపోదు. నేను చేసింది నీకు సమ్మతమేనా? ఒక రెప్పో, రెండో. భాగ్య నాకు ఫోన్ చేసి చెబుతుంది.

సుధ

*

జనరల్ వార్డు, రెండో అంతస్తు

సుధా,

అక్షరాలు చూసి కంగారుపడకు. పెన్ను వేళ్ళ మధ్య నిలవడమే గొప్ప అంటున్నాడు ఫిజియోథెరపీ అబ్బాయి. కాపీ కొడుతూ గాభరాగా రాసిన ఆన్సర్ షీట్‌లా ఉందని నాకూ తెలుసు. ఈ కాగితం నింపడానికి చాలా రోజులు పట్టింది. గొట్టం తీసినా గొంతు ఇంకా గాలిలాగే వస్తోంది. అయినా నోటితో చెప్పేకంటే నువ్వు చేసినట్టు రాయడమే నయమనిపించింది. నోటితోనైతే మధ్యలో జోకేసి తప్పించుకుంటాను.

మొదట నీకు బాకీ ఉన్న జవాబు. ఆ ఆదివారం భాగ్య నీ ఉత్తరమంతా చదివి, "సార్, మేడమ్ అడుగుతున్నరు. ఒకటా, రెండా?" అంది. నేను కళ్ళు మూసుకుని తెరవలేదు. నిద్రపోయానని నీకు ఫోన్లో చెప్పిందట. నేను నిద్రపోలేదు. ఆ ప్రశ్నకి ఒకటీ సరిపోదు, రెండూ సరిపోదు.

గురువారం అక్క నీ ఉత్తరం చదువుతూ రెండుచోట్ల ఆగింది. ఒకటి కఫం రంగు దగ్గర, అది నీకు చెప్పింది. రెండోది నువ్వు నన్ను అడగలేదన్నచోట. అది నీకు చెప్పలేదు. ఉత్తరం పక్కన పెట్టి, నా ముఖం మీదకి వంగి, "నేను అడుగుతున్నాను రా ఆనందూ. ఆ మందు వెయ్యమంటావా?" అంది.

నేను ఒక రెప్ప కొట్టాను.

నువ్వు సరిగ్గానే ఊహించావు. నాకు చావంటే భయం వేసింది సుధా. ఊపిరి మన చేతిలో లేనప్పుడు కిడ్నీ లెక్కలోకి రాదు. నీ సంతకం నన్ను చంపుతుందనుకున్నాను. నీకు చెప్పమని అక్క వైపు చూశాను. అక్క ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది.

"నేను చెప్పను" అంది. "అప్పుడు నువ్వు మమ్మల్ని అడిగావా? కిడ్నీ పోతే ఎట్లా ఉంటుందో నీకు తెలీదు, ఆ పిల్లకి తెలుసు. ఈసారి సుధ చెప్పిందే జరగనీ."

సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నేను రెప్పలు టపటపా కొట్టుకుంటూ ఉండిపోయాను. ఒకటో రెండో ఎవరు లెక్కపెడతారు? శనివారం దాకా నేను అనుభవించింది మాటల్లో చెప్పలేను. నా ఒంటి గురించి ఇంకొకరు, అదీ నన్ను ప్రేమించేవాళ్ళు, నన్ను అడక్కుండా తేల్చేశారు. ఎంత మంచికైనా కానీ, అది ఎలా ఉంటుందో ఆ మంచం మీద తెలిసింది. నీకు నేను చేసింది అదేనని తెలియడానికి ఇన్నేళ్ళూ, ఒక వెంటిలేటరూ కావలసి వచ్చాయి. అడిగితే నువ్వు వద్దంటావని భయపడే అడగలేదు. నువ్వు రాసిన కారణమే నాది కూడా. క్షమించమని ఇంతవరకు ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

నువ్వు చేసింది సరైందే. నాకు సమ్మతం కాదు. రెండూ నిజమే, అందుకే ఆ రోజు కళ్ళు తెరవలేదు.

ఇంకొక్క మాట. అక్క మాటకి నువ్వు పడ్డ బాధ నాకు నీ ఉత్తరంలో వినేదాకా తెలియదు. అదే అక్క ఆ రోజు తమ్ముడి మాట కాదని నీ మాట నిలబెట్టింది. నేను చచ్చిపోయి ఉంటే ఆ సంగతి నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. చెప్పుకునే మనిషి కాదు. ఇదంతా నీకు రాస్తున్నట్టు కూడా ఆవిడకి తెలియదు.

వచ్చే వారం ఇంటికి పంపుతారట. నన్ను లేపి నిలబెట్టడానికి, నడిపించడానికి కొన్నాళ్ళు మనిషి కావాలి. ఆపరేషన్ అయినదానివి, నువ్వు నన్ను ఎత్తడానికి లేదు. అక్కని మౌలాలి ఇంటికి తాళం వేసి వచ్చి మన దగ్గర ఉండమంటే బాగుంటుందని నాకుంది. కొన్నాళ్ళకే కాదు, ఉండిపొమ్మని. ఆవిడ పొద్దున్నే గట్టిగా ప్రార్థన చేస్తుంది, నీకు పేపరు చదువుకోవడం కుదరదు. ఫ్రిజ్‌లో కేకు ఎప్పుడూ ఉంటుంది. అన్నీ ఆలోచించుకో. అక్కకి ఇంకా ఒక్క మాట కూడా అనలేదు. కాగితాలేవీ సిద్ధం చెయ్యలేదు. ముందు నిన్నే అడుగుతున్నాను.

ఈ వార్డులోకి నువ్వు రావచ్చని డాక్టర్ నరహరి అన్నారు. మాస్కు వేసుకుని రా. మాస్కు కళ్ళని కప్పదు కదా. జవాబు రాయద్దు, ఫోన్ చెయ్యద్దు. సాయంత్రం వచ్చి నా ఎదురుగా నిలబడు. నేను చూస్తూ ఉంటాను. నీకు తోచింది చెప్పు, ఒకటో, రెండో. రెండు కొట్టినా నేను నీ మొగుణ్ణే.

నీ
ఆనంద్